చక్రాల పెట్టె

దుకాణం జర చూడమని నాతో చెప్పి, మేకుకు తగిలించిన తెల్లటోపీ తీసి తలకు పెట్టుకుని, దిలావర్ భాయ్ జుమ్మా నమాజుకు బయలుదేరాడు. పోతూపోతూ మెట్ల దగ్గర ఆగి, "తొందర లేదు చెల్లె, మూడు పెట్టెలు నీ ముంగటనే ఉన్నయి. నేనొచ్చేదాంక ఆరాంగ కూసొని తేల్చుకో. మీ ఇంటాయన రాజమల్లుకు ఏది పనికొస్తదో నీకంటె ఎవరికెర్క?" అన్నాడు. నాకే ఎర్కలేదు భాయ్ అని చెప్పడానికి నోరు తెరిచేలోపు మనిషి రోడ్డు దాటేశాడు. నిండు ఇనుప సామాను దుకాణాన్ని ఒక ఆడమనిషికి అప్పజెప్పి పోయే దుకాణదారును ఈ పంజాగుట్టలోనే చూడాలి. ఎవడన్నా దొంగ వస్తే నేనేం చేస్తాను, పానా పట్టుకుని తరుముతానా? తరుముతానేమో, ఈమధ్య నా కోపం అట్లాగే ఉంది. ఎవరిమీద కోపమో అడిగితే మాత్రం చెప్పలేను. మంచం మీద కోపం. మా వసారాలో గోడవారకు వేసిన ఆ నులకమంచం మీద.

యుద్ధం అయిపోయాక లష్కర్‌లో మిలటరీవాళ్ళ సామాను వేలం వేస్తే దిలావర్ భాయ్ బండికెత్తించి తెచ్చిన పనిముట్ల పెట్టెలు ఇవి. ఒకటి చిన్న రేకుపెట్టె, చేత్తో పట్టుకుపోయేది. దానికి చక్రాలూ లేవు, సొరుగులూ లేవు, దాన్ని కొనేకంటే మా గోనెసంచే నయం. ఒకటి పెద్దది, నా నడుము దాటిన ఎత్తు, పైనుంచి కిందిదాకా సొరుగులే, తాళంచెవి సుత ఉంది, బీరువాకు చక్రాలు పెట్టినట్టు నిలబడి నన్నే చూస్తోంది. ఆ రెంటికీ నడుమ మూడోది, మధ్యరకం. పొట్టిగా వెడల్పుగా ఉంది, మోకాలెత్తు ఉంటుందేమో, సొరుగులు కొన్నే, చక్రాలకు రబ్బరు. నేను ఇంటినుంచే పెద్దదాని మీద మనసు పెట్టుకుని వచ్చాను. కొలత కూడా తెచ్చాను. కొంగుముడి విప్పి దారం తీసి పెద్దపెట్టె పక్కన నేల నుంచి పైకి పట్టి చూస్తే, నేను వేసిన ముడి సరిగ్గా నడిమి సొరుగు పిడికి తగిలింది. ఇంకేం, తేలిపోయింది కదా. తేలిపోతే నా చెయ్యి ఆ పిడి మీద ఎందుకు నిలవదు? ఎందుకు మళ్ళీ మళ్ళీ దారం చుట్టి విప్పుతున్నాను?

మావాళ్ళం దేన్నయినా దారంతోనే కొలుస్తాం. మా అత్త రాజమ్మ తలుపు కొలిచినా, తొట్టెల కొలిచినా, పెండ్లిపిల్ల ఎత్తు కొలిచినా నూలుపోగుతోనే. నన్ను చూడవచ్చినప్పుడు కూడా పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే మాట్లాడుతూ నా ఎత్తు కొలుచుకుని పోయిందట. పొద్దున ఆయన మంచం అంచున కాళ్ళు దించుకుని గోడను చూస్తూ కూర్చున్నప్పుడు, నేల నుంచి ఆయన మోచేతి దాకా పోగు పట్టి ముడి వేశాను. "ఏంది?" అన్నాడు. "పరదా కుట్టాలె" అన్నాను. మునుపటి మనిషైతే మోచేతికి పరదా ఏందే, నాకేమన్నా బుర్ఖా ఏస్తున్నవా అని నవ్వేవాడు. ఊఁ అని మళ్ళీ గోడను చూశాడు. ఆ గోడలో ఏముందో నాకిప్పటికీ తెలియదు. సున్నం పెచ్చులు లేచి ఉన్నాయి, అంతే.

వానాకాలంలో పడ్డాడు. ఎర్రమంజిల్ వైపు నుంచి సైకిల్ మీద దిగుతుంటే హ్యాండిల్‌కు తగిలించుకున్న పనిముట్ల సంచి పట్టీ జారి చక్రం పుల్లల్లో చుట్టుకుంది. మరలు తిప్పే పేచ్‌కస్‌లు, పానాలు, నూనెడబ్బా అన్నీ రోడ్డు మీద, ఆయన బండరాళ్ళ మీద. డాక్టరు మోకాలు చూసి, కుర్చీలో కూర్చున్నంతమటుకు వంగుతుంది, మఠం వేసుకుని నేల మీద కూర్చునేది మాత్రం ఇక మరిచిపోండి అన్నాడు. మరిచిపొమ్మంటే మరిచిపోవడానికి అదేమన్నా బాకీనా? ఆయన పని అంతా నేలమీదే. అమీర్‌పేట దర్జీలందరి కుట్టుమిషన్లూ ఆయన చేతికిందే బాగుపడేవి. చాపమీద మిషన్ తల పడుకోబెట్టి, చుట్టూ పనిముట్లు పరుచుకుని, నడుమ తాను కూర్చునేవాడు. ఆ సంచి ఇప్పుడు వంటింట్లో మేకుకు వేలాడుతోంది. ఆయన దానివైపు చూడడు. నేను ఉప్పుడబ్బా తీసిన ప్రతిసారీ అది నా భుజానికి తగులుతుంది.

రోడ్డు మీద టాంగా పోతోంది, గుర్రం మెడలో గంటలు. అటు ఎర్రమంజిల్ గుట్ట మీద ఎండ తెల్లగా ఉంది. దుకాణంలో నూనె వాసన, తుప్పు వాసన; ఈ వాసన ఆయన చొక్కాలకు ఉండేది, ఎంత ఉతికినా పోయేది కాదు, ఊకె తిట్టేదాన్ని. ఇప్పుడు ఆయన చొక్కాలు శుభ్రంగా సబ్బువాసన వస్తున్నాయి. అది నాకు నచ్చడం లేదు. మంచం మీది మనిషి వాసన అది. నా భయం ఇదే, దాచేదేముంది, ఇంకొన్నాళ్ళు ఇట్లాగే గడిస్తే ఆయన మంచం మీది మనిషైపోతాడు. పడినవాడు లేవకపోవడం వేరు, లేవాలనుకోకపోవడం వేరు, ఆయన ఆ రెండోదాని గుమ్మంలో ఉన్నాడు. షరీఫున్నీసా బేగం బాగుచేయమని బండిమీద పంపిన కుట్టుమిషన్ మా వసారాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. వేరే మనిషికి ఇచ్చుకొమ్మని చెప్పడానికి నేనే పోతే ఆమె పరదా వెనక నుంచి అన్నది: "నా మిషన్‌కు ఆయన చెయ్యి ఆదత్ అయింది కాంతవ్వా. ఇంకొకరి చెయ్యి పడితే అలుగుతది. ఉండనీ, నాకేం జల్ది లేదు." ఆమెకు జల్ది లేదు. నాకుంది. రోజూ పొద్దున ఆ దుప్పటి మడతలు చూస్తాను, కదిలాయా అని. కదలవు.

ఒక్కసారి కదిలాయి. దీపావళి ముందు. నేను నీళ్ళకు పోయివచ్చేసరికి ఆయన స్టూలు మీద ఉన్నాడు, మిషన్ తల మంచం మీద ఉంది, దుప్పటి పక్కన. బిందె దించడం కూడా మరిచి నిలబడ్డాను. చూస్తే చేతులు ఖాళీ. పేచ్‌కస్ జారి మంచం కిందికి దొర్లిపోయింది. వంగలేడు, దిగలేడు. ఎంతసేపు దాన్ని అట్లా చూస్తూ కూర్చున్నాడో. పక్కింటి సత్తెమ్మ వాకిట్లోనే బియ్యం చెరుగుతోంది, ఒక్క కేక వేస్తే వచ్చి ఇచ్చిపోయేది. వెయ్యలేదు. నేను పేచ్‌కస్ తీసి చేతికిస్తే తీసుకోలేదు. "ప్రతిదానికి నిన్ను పిలుసుడు, నువ్వు పొయ్యికాడికెల్లి ఉరుకుడు. గిట్ల నాతోని కాదు. ఎత్తిపెట్టు" అన్నాడు. పిలిస్తే ఏమైతది, నేను రానా, నీకేమన్నా మొకమాటమా అని ఎంత పోట్లాడాను ఆ రోజు. ఊరంతా మొగుళ్ళు పెళ్ళాలను పిలవడం లేదా, నీళ్ళకొకసారి, చుట్టకొకసారి, ఊరికే ఒకసారి? ఈయనకు మాత్రం పిలవాలంటే ప్రాణం పోతుంది. అందుకే ఈ పెద్దపెట్టె. సామానంతా దీంట్లో పడుతుంది. చక్రాలున్నాయి, ఒక వేలితో దగ్గరికి లాక్కుంటాడు, పని కాగానే తోసేస్తాడు. ఎవర్నీ పిలవక్కర్లేదు. నన్ను కూడా.

నన్ను కూడా. ఇదిగో, ఇక్కడే నా చెయ్యి పిడి మీద నిలవనిది.

నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. దిలావర్ భాయ్ తన స్టూలు చూపించిపోయాడు కానీ గల్లా దగ్గర కూర్చోవడానికి మనసొప్పలేదు. దుకాణం నేల రోడ్డుకంటే ఎత్తు, రెండు బండమెట్లు దిగాలి. ఆ అంచున కూర్చుని కాళ్ళు కిందికి వదిలేశాను. ఎవరన్నా చూస్తే ఆడమనిషి బజార్లో కాళ్ళాడించుకుంటూ కూర్చుందనుకుంటారు, అనుకోనీ. హాయిగా ఉంది. ఆయనకు పిలవడం ఎప్పుడు అలవాటు? సిరిసిల్లలో మగ్గం ఉన్నప్పుడు పిలిచాడా? ఆయన నేలలో తవ్విన గుంటలో కాళ్ళు వదిలి, అంచున కూర్చుని నేసేవాడు, నేను వెనక రాట్నం దగ్గర కూర్చుని కండెలకు నూలు చుట్టేదాన్ని. అటూ ఇటూ పరిగెత్తే నాడెలో కండె మీది నూలు అయిపోవస్తుంటే మగ్గం చప్పుడు తెలిసీ తెలియనట్టు మారుతుంది. అప్పుడు ఆయన బట్టమీది నుంచి కన్ను తీయకుండా చెయ్యి వెనక్కి చాపేవాడు. కొత్త కండె ఆ చేతిలో ఉండాలి. మా అత్త మొదటిరోజే చెప్పింది, కండె అడిగించుకునే కోడలు మా ఇంట్ల లేదు, ఇగ ఉండొద్దు అని. అడిగించుకుంటే ఆడదానికి నామోషీ, అడగాల్సి వస్తే మొగవాడికి నామోషీ. ఎన్నేళ్ళు అట్లా గడిచాయో, ఆయన చెయ్యి చాపాడు, నేను పెట్టాను, పగలంతా ఒక్కమాట లేకుండా ఎంత మాట్లాడుకున్నామో. అమ్మో, నేనెంత మొద్దును. పిలవడానికి ఆయనకు మొకమాటం కాదు. పిలవడం మా ఇంట్లో లేనే లేదు.

ఆ మగ్గంలో ఒకసారి నేను కూర్చున్నాను. ఆడవాళ్ళు గుంటలో దిగే ఆచారం లేదు. మా అత్త తన పుట్టింటికి, ఆయన నూలు తేవడానికి సావుకారు దగ్గరికి పోయిన రోజు, ఎట్లుంటదో చూద్దామని దిగాను. చల్లగా ఉంది లోపల. నేల నా నడుము దాకా వచ్చింది, చేతులు చాపితే ఎటు చూసినా నేలే, దారపుండలు, చీపురుపుల్ల, దువ్వెన, అన్నీ చేతికిందే. రాణివాసం ఇదేనేమో అనుకున్నాను. ఆయన ఎప్పుడు వచ్చాడో, వెనక నిలబడి పకపకా నవ్వుతున్నాడు. నేను లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టాడు. "తొక్కు. ఎడమది. ఇప్పుడు కుడిది." నా పాదాలు తొక్కుడుకర్రలకు అందలేదు. "నీయి కోడిపిల్ల కాళ్ళే. గీ గుంట నా కాళ్ళకు తవ్వింది" అని నా పక్కనే గుంటలో ఇరుక్కుని దిగి, నా పాదాల కింద తన పాదాలు పెట్టి తొక్కించాడు. ఆ రోజు ఎంత నేశామో తెలియదు, నేసిందంతా వంకరే, మా అత్త వచ్చి చూసి తెల్లబోయింది. నా సంసారమంతా ఒక ఎత్తు, ఆ మధ్యాహ్నం ఒక ఎత్తు.

తర్వాత మిల్లుబట్ట వచ్చి మగ్గం మూలపడింది, మేము అమీర్‌పేటకు వచ్చాం. ఒక దర్జీ దుకాణంలో ఆయన మొదటిసారి కుట్టుమిషన్ విప్పి చూసిన రోజు ఇంటికొచ్చి పిల్లాడిలా చెప్పాడు: "దాంట్ల సుత నాడె ఉన్నదే, కండె ఉన్నది. మన మగ్గాన్నే ఇనుముతోని చేసిండ్రు. గుంట ఒక్కటే లేదు." ఆ రాత్రంతా దాని గురించే. నేనేమో ఊఁ కొడుతూ నిద్రపోయాను.

గుంట ఒక్కటే లేదు.

నా కాళ్ళు ఆడుతున్నాయి. ఎప్పటినుంచో ఆడుతున్నాయి, ఎడమది, కుడిది, ఎడమది, కుడిది, దిలావర్ భాయ్ బండమెట్టును తొక్కుతున్నాయి. నేల నా నడుము దగ్గర ఉంది. చెయ్యి పక్కకు ఆనించబోతే చల్లటి ఇనుము తగిలి ఉలిక్కిపడ్డాను. మధ్యరకం పెట్టె. నీళ్ళు పోవడానికి దుకాణం నేల వాలుగా ఉంది కదా, నేను పెద్దదాన్ని కొలిచేటప్పుడు దీన్ని కాస్త జరిపాను, చక్రానికి అడ్డంగా ఉన్న ఇటుక తప్పినట్టుంది, మెల్లగా దొర్లుకుంటూ వచ్చి నా పక్కన ఆగింది. పిలవకుండానే. ఎవరూ చూడడం లేదు కదా అని రోడ్డు మీదే కన్ను పెట్టి, చెయ్యి వెనక్కి పంపాను. సొరుగు తెరుచుకుంది. లోపల ఏదో పాత మరమేకు, వేళ్ళకు దొరికింది. మళ్ళీ మూశాను, మళ్ళీ తెరిచాను. మరమేకును కావాలనే జారవిడిచాను. అది ఎటూ పోలేదు, నా తొడ పక్కనే నేలమీద పడి ఒక చుట్టు తిరిగి ఆగింది. వంగక్కర్లేదు. దిగక్కర్లేదు. మఠం వేసుకోనక్కర్లేదు, మోకాలు కుర్చీలో వంగినంత వంగితే చాలు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా బజారుముఖంగా కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. పొద్దున నేను కొలిచింది మంచం మీద కూర్చున్న మనిషిని. మంచానికి సరిపోయే పెట్టెను కొని, ఆయనను ఆ మంచానికే కట్టేసి వచ్చేదాన్ని. దారంతో కొలిచినంత మాత్రాన ఏ మనిషిని కొలుస్తున్నావో చూసుకోవద్దా కాంతవ్వా!

దిలావర్ భాయ్ వచ్చాడు, నుదుటిమీద ఇంకా తడి ఉంది. నేను అంచుమీద కూర్చుని ఉండడం చూసి, నా కళ్ళు చూసి, టోపీ మేకుకు తగిలించాడు.

"తేలిందా చెల్లె? పెద్దదే గదా. నీ దారానికి బరాబర్ ఉన్నది."

"కాదు భాయ్. నడిమిది."

"గిది మస్తు పొట్టిది. రాజమల్లు మంచం మీదికెల్లి దీన్ని అందుకుంటడా? పైంగ అన్ని సామాన్లు సుత పట్టవు దీంట్ల."

"పట్టకుంటే ఏమాయె. మిగిలినయి ఇయ్యనీకి నేను లేనా?" అన్నాను. అనగానే ఎంత తేలికయ్యానో. "భాయ్, గడ్డపార ఉన్నదా? రేపు మాపటికి తెచ్చిస్త."

"గడ్డపారా? పెట్టెకు గడ్డపార ఎందుకు?"

"మా వసారల గుంట తవ్వాలె. మగ్గం గుంట."

దిలావర్ భాయ్ నా వంక చూశాడు, నా వేలాడే కాళ్ళ వంక చూశాడు, పెట్టె వంక చూశాడు. మగ్గం ఎన్నడూ నేయకపోయినా ఆ మనిషికి అంతా అర్థమైంది. లోపలికి పోయి గడ్డపార తెచ్చి పెట్టెమీద అడ్డంగా పెట్టి తాడుతో బిగించి, "పయ్యల కింద ఇటుక పెట్టుమను రాజమల్లును, లేకుంటే పెట్టె సుత గుంటల దిగి కూసుంటది" అని నవ్వాడు. హమాలీని పంపిస్తానన్నాడు. వద్దన్నాను. చక్రాలున్న పెట్టెను కొని హమాలీ ఎందుకు? అమీర్‌పేట దాకా నేనే లాక్కుపోయాను, రాళ్ళున్నచోట ఎత్తుతూ, సాపుగా ఉన్నచోట వదులుతూ, వచ్చేపోయేవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు, నేను చూస్తే కదా.

ఇంటికొచ్చేసరికి ఆయన మంచం అంచునే ఉన్నాడు. పెట్టెను చూశాడు, గడ్డపారను చూశాడు, ఏందీ అని అడగలేదు. నేనూ చెప్పలేదు. చెబితే వద్దంటాడేమోనని భయం. మంచాన్ని, దానిమీద కూర్చున్న ఆయనతో సహా, ఒక పక్కకు జరిపి, వసారా నడుమ మట్టినేల మీద గీత గీసి గడ్డపార దించాను. ఎండాకాలం నేల కాదు కనుక దిగింది. తవ్వుతున్నాను, చేతులతో మట్టి ఎత్తి పోస్తున్నాను, చెమట కళ్ళల్లోకి కారుతోంది, వెనక చప్పుడు లేదు. నేను అనుకున్నదంతా తప్పేమో. గుంటను చూస్తే మగ్గం పోయిన దిగులే గుర్తొస్తుందేమో. తల ఎత్తి ఆయన మొహం చూడడానికి ధైర్యం చాలక, ఇంకో జానెడు తవ్వి, లోతు సరిపోయిందా అని అందులో దిగి కూర్చున్నాను.

"గంత సాలదు."

ఎంత కాలమైంది ఆ గొంతులో ఆ ఎకసెక్కెం విని. నేను కదల్లేదు.

"ఇంకా లోతు తియ్యాలె. గది కోడిపిల్ల కాళ్ళకు తవ్వినవ్."

తిరిగి చూశాను. ఆయన గోడను చూడడం లేదు. గుంటనే చూస్తున్నాడు, ఒక కన్ను సగం మూసి, పని చూసేటప్పుడు చూసేట్టు. చూస్తూనే చెయ్యి నా వైపు చాపాడు. ఏం కావాలో అడగలేదు. నేను కొంగుముడి విప్పి, పొద్దుటి దారం ఆ చేతిలో పెట్టాను. ఆయన ఒక కొసను కాలిమడమ కింద తొక్కిపట్టి, రెండో కొసను మోకాలి దాకా లాగి, నేను వేసిన ముడిని పంటితో విప్పి, తన కాలికి సరిపడా కొత్తముడి వేస్తున్నాడు.